పలికాకే అడుగు

ఆ ఏడు వానాకాలం మొదట్లో కొట్టిన గాలివానకి ఊళ్ళో పగలని కిటికీ లేదు. జనమంతా తిట్టుకుంటూ కిటికీలకి అట్టలూ పాత దుప్పట్లూ కట్టుకుంటుంటే, మాకు మాత్రం ఊపిరి సలపనంత పని. మాది అద్దాల షెడ్డు. ముందువైపు కౌంటరు, వెనక షెడ్డు, పైన మేడ మీద మా కాపురం. మామగారు, అత్తగారు, మా ఆయన, నేను, మా మరిది. ఒకళ్ళకి నష్టం జరిగితే మనం సంబరపడకూడదని అత్తగారు అంటూనే, ఫోను మోగినప్పుడల్లా అందరికంటే ముందు తనే పరిగెత్తేది.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెద్ద షీటుని ఒక్కళ్ళు మొయ్యలేరు. ముందొకరు, వెనకొకరు పట్టాలి. ఆ ఇద్దర్నీ జోడీ అంటాం. ముందు నడిచే మనిషికి దారి కనపడుతుంది గానీ వీపు వెనక ఏం జరుగుతోందో తెలీదు. వెనక మనిషికి అద్దం మొత్తం కనపడుతుంది. అందుకని ఆగాలన్నా, తిరగాలన్నా, దించాలన్నా వెనకున్నవాళ్ళే చెప్పాలి. మేమూ పనివాళ్ళూ కలిసి షెడ్డులో ఒకేసారి మూడు నాలుగు జోడీలు తిరుగుతుంటాయి. ఒకళ్ళు ఊరికే 'దించు' అని అరిస్తే ఇంకెవరో దించేస్తారు. మామగారి ఎడమచేతికి రెండు వేళ్ళు లేనిది అందుకే. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎవరో ఎవరినో ఉద్దేశించి వేసిన కేకకి ఈయన జోడీ చెయ్యి వదిలేశాడు. అప్పట్నుంచీ మా షెడ్డుకి ఒకటే రూలు. ముందు పేరు పెట్టి పిలవాలి. అవతలి మనిషి 'ఊఁ' అనాలి. ఆ తర్వాతే ఏ మాటైనా. పలక్కపోతే అడుగు కదపకూడదు, చెయ్యి కదపకూడదు.

ఈ రూలు పుణ్యమా అని మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేది షెడ్డులో మాత్రమే. మేడ మెట్లెక్కగానే నేను 'ఇదిగో'ని. కోపమొస్తే 'నిన్నే'ని. ఇదేం న్యాయమని నేను ఎన్నిసార్లు దెప్పినా నవ్వి ఊరుకునేవాడు.

ఆ సీజనులో ఆర్డర్లు ఎంతగా పెరిగాయంటే మా ఆయన కోతబల్లకే అతుక్కుపోయాడు. నాకు జోడీ లేకుండా పోయింది. అప్పుడొచ్చింది ఆవిడ. వేరే దేశం మనిషి. భుజాలు గట్టివి, గొంతు మెత్తనిది. మన మాటలు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి కాబట్టి ఒక్కోటీ ఏరి ఏరి మాట్లాడేది. పనిలో పెట్టుకునే ముందు బరువు మొయ్యగలవా అని మామగారు అడిగారు. సీజను అయ్యాక కూడా ఉంచుతారా అని ఆవిడ అడిగింది. దేశంలో అమ్మమ్మ దగ్గర ఆవిడ కూతురుంది. బడికెళ్ళే పిల్ల. ఇక్కడ తల్లికి పర్మినెంటు ఉద్యోగం ఉంటేనే పిల్లని రానిస్తారట. మామగారు కాసేపు గడ్డం గీరుకున్నారు.

"వానలు తగ్గేదాకా చూస్తానమ్మా. పని నచ్చితే ఉంచేస్తాను" అన్నారు.

మామగారు మాటిచ్చి తప్పే మనిషి కాదు. నచ్చకపోతే మొహమాటపడే మనిషి అంతకన్నా కాదు. ఆవిడకి ఆ సంగతి మొదటిరోజే అర్థమైందనుకుంటాను.

నాతో కలిసి మోసేది కాబట్టి నేను ఆవిడని జోడీ అనే చెప్పుకునేదాన్ని, ఇప్పటికీ అంతే.

మొదటి ఉదయం మామగారు అందర్నీ పోగేసి, పేరు చెప్పమ్మా, వీళ్ళంతా రేపట్నుంచి పిలవాలి అని, తను కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయారు. జోడీ చేతులు కట్టుకుని తన పేరు చెప్పింది. పెద్ద పేరే. గొంతులో లోపలెక్కడో మొదలై, మధ్యలో ఒకచోట చటుక్కున ఆగి, ముక్కులోంచి బయటికొస్తుంది. మనకి అలవాటు లేని పేరు, ఒక్కసారి వింటే పట్టుబడదు, నిజమే. మా మరిది వెంటనే చెయ్యెత్తి దీవిస్తున్నట్టు పెట్టి, "చిరంజీవ, చిరంజీవ" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, తల వంచుకుని.

మా మరిది చెడ్డవాడేం కాదు. రెక్కలు ముక్కలు చేసుకునే రకం. కాకపోతే నోరు ఊరుకోదు. రోజుకి నలుగుర్ని నవ్విస్తే గానీ తిన్నది అరగదు. జోడీ మాత్రం బిత్తరపోయి నా వైపు తిరిగి, ఆయన ఏమన్నారు అని అడిగింది. ఎవరైనా తుమ్మితే అనే మాట అని చెప్పక తప్పలేదు నాకు. ఆవిడ కాసేపు ఆలోచించింది.

"కానీ నేను తుమ్మలేదు కదా అక్కా" అంది.

మర్నాటి నుంచి అదొక ఆట అయిపోయింది. ఒకరోజు రైలుబండి, ఒకరోజు పుక్కిలింత, ఇంకోరోజు నాలికమడత. పొద్దున్నే మా మరిది కొత్తపేరు పట్టుకొచ్చేవాడు, సాయంత్రానికి అది షెడ్డంతా పాకేది. పాపం జోడీ ఏ రోజుకి ఏ పేరో తెలుసుకోవడానికి మనుషుల మొహాలు చూసేది. అందరి కళ్ళూ తన మీదికి తిరిగాయంటే పిలుస్తున్నది తననే అని గ్రహించి 'ఊఁ' అనేది. పైగా ఒక నవ్వు నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను మాత్రం ఆవిడ పేరు నేర్చుకున్నాను. అదేమంత బ్రహ్మవిద్య కాదు. మధ్యాహ్నం టీ తాగాక ఇద్దరం తొట్టి దగ్గర అద్దాలు కడిగేవాళ్ళం. ఆవిడ తన పేరుని ముక్కలు చేసి ఒక్కో ముక్కా చెప్పేది, నేను దాని వెనకే అనేదాన్ని. మధ్యలో ఆగే చోట నేను ఆగలేకపోయేదాన్ని. ఆవిడ నా గొంతు మీద వేలు పెట్టి, ఇక్కడ అని చూపించింది. రెండు మూడు రోజులు కుస్తీ పట్టాను. ఒకరోజు మోస్తుండగా వెనక నుంచి గట్టిగా పిలిచాను. ముందు నడుస్తున్న జోడీ 'ఊఁ' అనడానికి ఎప్పటికంటే కొంచెం ఆలస్యం చేసింది. దించాక చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. నీ పేరు ఇక్కడెవరూ అనగా వినలేదు కాబట్టి మర్చిపోయావా ఏంటి అని నేను ఎగతాళి చేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి నవ్వింది. ఆ నవ్వు వేరు.

నాకసలే ముక్కు మీద కోపం. ఒకరోజు మేడ మెట్ల మీద మా మరిదిని పట్టుకుని నాలుగూ దులిపాను. రూలు ఏమిటి, మీరు చేస్తున్నదేమిటి అన్నాను. సరదాకి వదినా, ఆవిడే ఏమీ అనుకోవట్లేదు, నవ్వుతోంది కూడా అన్నాడు. మా ఆయన వెనకే వస్తూ, వాడి సంగతి నీకు తెలుసుగా, వదిలెయ్ అన్నాడు. మర్నాడు తొట్టి దగ్గర, మామగారితో చెప్పేస్తానంటే జోడీ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. గొడవ పెట్టే మనిషి అనుకుంటారు. వాళ్ళు ఎలా పిలిచినా పరవాలేదు, నా కూతురు వస్తే చాలు."

ఆ మాట తర్వాత నేనింకేం మాట్లాడను. మామగారితో చెప్పనని మాటిచ్చాను.

వానాకాలం సగం గడిచింది. ఆ రోజు పొద్దుట్నుంచీ జల్లు పడుతూనే ఉంది. ఒక బట్టల దుకాణం వాళ్ళ ముందరి అద్దం, ఆ సీజను మొత్తానికి పెద్దది, ర్యాకు మీంచి వ్యానులోకి ఎక్కించాలి. నేనూ జోడీ గ్లౌజులు వేసుకుంటుండగా కౌంటరు నుంచి పిలుపొచ్చింది, ఎవరో కొలతలు తీసుకొచ్చి అవి అడుగులో మీటర్లో తేల్చుకోలేక కూర్చున్నారట. నువ్వెళ్ళు వదినా నేను పడతాలే అని మా మరిది వెనక కొస అందుకున్నాడు.

నేను కౌంటరు దగ్గర ఉండగానే ఆ చప్పుడు వినపడింది. అద్దాల షెడ్డులో పుట్టి పెరిగిన వాళ్ళు కూడా ఆ చప్పుడికి అలవాటు పడరు.  పరిగెత్తుకెళ్ళేసరికి నేలంతా ముక్కలు. మా మరిది కుడిచెయ్యి మోచేతి కింద తెగి రక్తం కారుతోంది, మా ఆయన తువ్వాలుతో అదిమి పట్టుకున్నాడు. జోడీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతుల్లో మిగిలిపోయిన ముక్కని ఇంకా పట్టుకునే ఉంది, ఎవరూ దించమనలేదు కాబట్టి.

జరిగింది ఇదీ. గుమ్మం దాటే ముందు అద్దం పై అంచు పైనున్న ఇనప కమ్మీకి తగలబోతోందని మా మరిది చూశాడు. ఆగమని పిలిచాడు. ఆవిడ పలకలేదు, ఆగలేదు. మా మరిది ఆగాడు. ఒకళ్ళు నడుస్తూ ఒకళ్ళు ఆగితే అద్దం ఊరుకుంటుందా, మధ్యలో మెలి తిరిగి పగిలింది.

మామగారు వచ్చి ముందు కొడుకు చెయ్యి చూశారు. తర్వాత నేల చూశారు. "ఏమైంది" అన్నారు.

"పిలిచాను నాన్నా. పలకలేదు" అన్నాడు మా మరిది. నొప్పితో పళ్ళు బిగించుకుని అన్నాడు పాపం, కానీ అన్నాడు.

మామగారు జోడీ వైపు చూశారు. ఆవిడ నోరు విప్పలేదు. మా ఆయన తమ్ముడిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నేను వెళ్ళి ఆవిడ చేతుల్లోని ముక్కని తీసి పక్కన పెట్టాను. నిజంగానే పిలిచారా అని నన్ను అడిగింది. నేను లేను కదా, నాకేం తెలుసు. ఆవిడ చీపురు తెచ్చి మొత్తం ఊడ్చింది, నన్ను ముట్టుకోనివ్వలేదు.  బస్సుకి వెళ్ళేటప్పుడు గొడుగు తెరుస్తూ, నన్ను పంపేస్తారు కదా అంది. పంపరు అని చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలీదు.

ఆ రాత్రి భోజనాలకి కూర్చున్నాం. మా మరిది కుట్లు వేయించుకుని, చెయ్యి మెడకి కట్టుకుని, ఎడమచేత్తో తంటాలు పడుతున్నాడు. అత్తగారు కలిపి పెడతానంటే వద్దన్నాడు. నేను ఎప్పుడు మొదలెడదామా అని చూస్తున్నాను. చెప్పొద్దని మాట తీసుకుంది సరే, ఉద్యోగమే పోయేటప్పుడు ఇంకా ఆ మాటేమిటి అనుకుంటున్నాను. ఇంతలో మామగారే మొదలెట్టారు.

"పిలిచానన్నావు."

"పిలిచాను నాన్నా."

"ఏమని పిలిచావు?"

మా మరిది 'ఆగు' అని పిలిచానన్నాడు. అది తర్వాత మాట, ముందు ఏమని పిలిచావు అని మామగారు మళ్ళీ అడిగారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచితేనే నయం.

మా మరిది పళ్ళెంలోకి చూస్తూ, "ముక్కుపొడీ అని" అన్నాడు.

ఆ రోజు పొద్దున్న కొత్తగా కనిపెట్టిన పేరు అది. షెడ్డులో ఐతే పడీ పడీ నవ్వేవాళ్ళు. భోజనాల బల్ల దగ్గర, పక్కన కొడుకు చెయ్యి కట్టుతో ఉండగా, ఆ మాట అదోలా వినపడింది. నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు, వాడిక్కూడా.

"అది ఎవరి పేరు?" అన్నారు మామగారు.

 నేను నోరు తెరవబోతుంటే మా ఆయన అన్నాడు. "వాడొక్కడే కాదు నాన్నా. అందరం నవ్వాం. నేనూ నవ్వాను." పెళ్ళైనప్పట్నుంచీ తండ్రి ముందు ఆయన అంత పెద్ద మాట మాట్లాడగా నేను చూడలేదు.

మామగారు మూడు వేళ్ళ చేత్తో గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు. లేస్తూ, "కుట్లు మానేదాకా ఎలాగూ మొయ్యలేవు. రేపట్నుంచి గుమ్మం దగ్గర నిలబడి నువ్వు పిలువు. అన్ని జోడీలకీ నువ్వే" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. జోడీ సంగతి ఏం చేస్తారో మాత్రం చెప్పలేదు. అడిగే ధైర్యం నాక్కూడా లేకపోయింది.

మర్నాడు జోడీ అందరికంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది, తడిసిన గొడుగుతో. పొమ్మంటే ఇక్కడి నుంచే పోవచ్చని కాబోలు లోపలికి రాలేదు. మామగారు తాళాలు తీస్తూ, నిలబడ్డావేమ్మా, అద్దాలు వాటంతటవే నడుస్తాయా అన్నారు. అంతే. బట్టల దుకాణం అద్దం రాత్రే మళ్ళీ కోసి పెట్టాడు మా ఆయన. నేను వెనక, జోడీ ముందు. ఎత్తాం. గుమ్మం దగ్గర మా మరిది, మెడకి చెయ్యి వేలాడేసుకుని. మామగారు కౌంటరుకి వెళ్ళలేదు. మిగతావాళ్ళంతా పని ఆపేశారు.

మేం గుమ్మం దాకా వచ్చాక మా మరిది పిలవాలి. పిలిచాడు. పేరులో ముందు సగం అని మిగతాది మింగేశాడు.

జోడీ ఆగింది, సరే, నిన్న అంత జరిగాక గుమ్మం ముందు ఆగకుండా ఉంటుందా. కానీ 'ఊఁ' అనలేదు.

ఇన్నాళ్ళూ రైలుబండికి పలికింది, పుక్కిలింతకి పలికింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ పూట, యజమాని నిలబడి చూస్తుండగా, తన సొంత పేరులో సగానికి మాత్రం పలకలేదు. అద్దం పట్టుకుని నిటారుగా నిలబడింది. వెనక నుంచి నాకు ఆవిడ జడ, మెడ కనపడుతున్నాయి. మెడ మీద నరం బిగుసుకుని ఉంది. పలకవే తల్లీ అని ఒక మనసు, పలకొద్దు అని ఒక మనసు. నా చేతులు లాగేస్తున్నాయి.

మా మరిది మళ్ళీ అన్నాడు. ఈసారి పేరంతా అన్నాడు గానీ మధ్యలో ఆగాల్సిన చోట దొర్లిపోయాడు. వెక్కిరింత కాదు, నిజంగానే తిరగలేదు నోరు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఎన్నేళ్ళుగా అందర్నీ నవ్విస్తున్నవాడు, తనని చూసి నవ్వితే ఎలా ఉంటుందో వాడికి అప్పుడే తెలిసుంటుంది.

జోడీ మెడ తిప్పకుండానే, "దగ్గరికొచ్చారు. ఇంకొక్కసారి" అంది.

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఎగ్జాములో ఒప్పజెప్పే పిల్లాడిలా ఒక్కో ముక్కా కూడబలుక్కుని, ఆగాల్సిన చోట ఆగి, పేరు మొత్తం అన్నాడు.

"ఊఁ" అంది జోడీ.

"పై అంచు చూసుకోండి. కొంచెం వంచండి. ఇప్పుడు నడవండి" అన్నాడు వాడు. అద్దం గుమ్మం దాటింది.

మామగారు కౌంటరు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "అమ్మాయి పర్మినెంటు కాగితాల్లో ఎక్కడ సంతకం పెట్టాలో మధ్యాహ్నం చూపించమనండి" అన్నారు. వానలు తగ్గేదాకా చూస్తానన్న మనిషి వానలోనే తేల్చేశారు. జోడీకి ఆ మాట సరిగా అందలేదు. అద్దం వ్యానులో దించాక నేను చెప్పాను. ఆవిడ గ్లౌజుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను ఊరుకోబెట్టాల్సింది పోయి కలిసి ఏడ్చాను. డ్రైవరు మా ఇద్దర్నీ చూసి అద్దం మళ్ళీ పగిలిందా అని కంగారుపడ్డాడు.

ఆ తర్వాత షెడ్డంతా ఆ పేరు మీద పడ్డారు. టీ తాగుతూ ఒకళ్ళకొకళ్ళు ఒప్పజెప్పుకునేవాళ్ళు. ఎవరికి బాగా వచ్చిందో జోడీయే చెప్పాలి. అబ్బే, కాదు, బాగుంది అని మొహమాటం లేకుండా మార్కులు వేసేది. గుమ్మం దగ్గర రోజంతా పిలిచీ పిలిచీ మా మరిదికి మా అందరికంటే బాగా పట్టుబడింది. కుట్లు విప్పిన రోజున వాడు వెళ్ళి జోడీతో ఏదో అన్నాడు. ఏమన్నావని నేను గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. జోడీని అడిగితే, అది మా ఇద్దరి మధ్య మాట అంది.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం నేను కింద రేకుల తలుపు దించుతుంటే, మేడ మీది నుంచి మా ఆయన నన్ను పిలిచాడు. పేరు పెట్టి. వంటింట్లోంచి అత్తగారు, "ఎవరొచ్చారురా, ఎవర్ని పిలుస్తున్నావు?" అంది. నేను మెట్ల కింద నిలబడి కాసేపు పలకలేదు, ఇంకోసారి పిలిపించుకుందామని. పిలిచాడు. అప్పుడు 'ఊఁ' అన్నాను.

చలి మొదలవుతుండగా జోడీ కూతురొచ్చింది. తల్లి భుజాలే, పైన ముందు పళ్ళు ఊడిన నోరు. జోడీ ఆ పిల్లని షెడ్డుకి తీసుకొచ్చి, అద్దాలు ముట్టుకోకని కోతబల్ల పక్కన స్టూలెక్కించి కూర్చోబెట్టింది. మా మరిది దాని ముందు గొంతుక్కూర్చుని పేరేంటని అడిగాడు. పిల్ల చెప్పింది. తల్లి పేరు నయం. వాడు ఒకసారి అన్నాడు, పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి అన్నాడు, మళ్ళీ ఊపింది. మూడోసారికి నోరు తెరిచాడో లేదో, పక్కన అంచులు అరగదీసే మిషను దుమ్ముకి ఆ పిల్ల మొహం ముడుచుకుని గట్టిగా తుమ్మింది.

"చిరంజీవ" అన్నాడు వాడు. అలవాటు కొద్దీ వచ్చేసింది.

అని, నాలిక కరుచుకున్నాడు.  మిషను ఎవరో ఆపేశారు. వాడి మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. జోడీ వైపు చూడలేక చూశాడు.

జోడీ తన కూతురి ముక్కు రుమాలుతో తుడిచింది. "ఈసారి నిజంగానే తుమ్మింది" అంది. "ఇంకొకసారి అనండి. దీవిస్తూ అనండి."

వాడు లేచి నిలబడి, చెయ్యెత్తి, ఆ పిల్ల తల మీద ఆనీ ఆనకుండా పెట్టి అన్నాడు.  తర్వాత జోడీ గ్లౌజులు తొడుక్కుని ర్యాకు మీది షీటు వెనక కొస పట్టింది. ముందు కొస ఖాళీగా ఉంది. ఆవిడ మా మరిదిని పేరు పెట్టి పిలిచింది.

"ఊఁ" అన్నాడు.